ప్రపోజ్‌కి సొంత వాక్యం

"ఈడ ఇంగ్లీషు చెప్పే టీచరెవురు?"

తలుపు దగ్గర నిలబడి అడిగాడు మునికుమార్. భుజానికి పనిముట్ల సంచీ, చేతిలో ఫోను, మొహం నిండా చెమట. తిరుపతి కొర్లగుంటలో మందుల షాపు పైనున్న ఆ గదిలో సాయంత్రం ఆడవాళ్ళ బ్యాచ్ నడుస్తోంది. బోర్డు దగ్గరున్న అమ్మాయి మార్కర్ దించకుండానే వెనక్కి తిరిగింది.

"నేనే. నిస్సీ. మీరు?"

"ఈయమ్మ కొడుకుని," అంటూ ముందు బెంచీ చూపించాడు.

అక్కడ వాళ్ళమ్మ నాగులమ్మ తల వంచుకుని, ఎంతో శ్రద్ధగా ఏదో రాసుకుంటున్నట్టు నటిస్తోంది.

నాగులమ్మకు బైపాస్ పక్కన టిఫిన్ సెంటర్ ఉంది. కొండకొచ్చే ఉత్తరాది భక్తులతో చేతులూపి మాట్లాడీ మాట్లాడీ భుజాలు పడిపోయాయని ఈ క్లాసులో చేరింది. ఇంట్లో ఒకరి గురించి నాలుగు వాక్యాలు రాయమంది టీచరు. నాగులమ్మ రాసింది. టీచరు 'వెరీ గుడ్' అనేసరికి ఆ సంబరంలో ఫోటో తీసి వాట్సాప్ స్టేటస్ పెట్టేసింది.

మునికుమార్ ఫోను చూస్తూ గట్టిగా చదివాడు.

"మై సన్ ఈజ్ ఏసీ మెకానిక్. హీ స్లీప్స్ లైక్ బఫెలో. హీ ఈజ్ సెర్చింగ్ వైఫ్. ఐ యామ్ సారీ ఫర్ ది వైఫ్."

బ్యాచ్ మొత్తం గొల్లుమంది.

"నవ్వండి, బాగా నవ్వండి! వడమాలపేట సంబంధం మేడమ్. కుదిరిపోయినట్టే ఉండె. వాళ్ళు దీన్ని సూసి, మా పిల్ల గురించి మీరు సారీ అనే అవసరం లేదులేమ్మా అని ఫోన్ పెట్టేసినారు."

నిస్సీ పెదవులు బిగించి నవ్వు ఆపుకుంది. ఎంతోసేపు ఆగలేదు.

"'సెర్చింగ్ ఫర్ ఎ వైఫ్' అనుండాలి. మిగతాది బాగానే ఉందండీ."

"నా పెండ్లి పోయిందంటే గ్రామర్ చెప్తారేంది?"

"నేను చెప్పేది గ్రామరే కదండీ. పెళ్ళిళ్ళు కుదిర్చే సెంటర్ వేరే ఉంటుంది."

"రేయ్, కూసుంటే కూసో, పోతే పో," అంది నాగులమ్మ విసుగ్గా. "నా క్లాసు పోతా ఉండాది."

మునికుమార్ ఆ పంతంతోనే చివరి బెంచీలో కూర్చున్నాడు. అమ్మ ఇంకేం రాస్తుందోనని కాపలాకట. మర్నాడూ కాపలాకి వచ్చాడు. ఆ మర్నాడు చొక్కా ఇస్త్రీ చేయించుకుని వచ్చాడు. కాపలాకి ఇస్త్రీ ఎందుకో నాగులమ్మ అడగలేదు.

అతనికొచ్చిన ఇంగ్లీషంతా ఏసీలోంచి ఊడిపడిందే. మంచి స్నేహితుడి గురించి రాయమంటే, 'మై ఫ్రెండ్ ఈజ్ గుడ్ కండిషన్. నో లీకేజ్. వన్ ఇయర్ వారంటీ' అని రాశాడు.

"ఫ్రెండుకి వారంటీ ఏంటండీ?"

"అంతకు మించి ఏ ఫ్రెండూ నిలబడలే మేడమ్."

నిస్సీ బోర్డు వైపు తిరిగి చాలాసేపు తుడిచింది. బోర్డు మీద ఏమీ లేదు.

ఒకరోజు 'మీకు భయం వేసిన రోజు' గురించి రాయించింది. మునికుమార్ లేచి చదివాడు. ఏదో లాడ్జీలో మూడో అంతస్తు బయట ఏసీ బిగిస్తుంటే కాలు జారిందట. "ఐ వాజ్ హ్యాంగింగ్ ఇన్ ది పైప్. డౌన్ పీపుల్ టేకింగ్ వీడియో. మై ప్యాంట్ వాజ్ టోర్న్. ఐ వాజ్ ఫియరింగ్ ఓన్లీ ది వీడియో."

కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వింది నిస్సీ. హాస్టల్‌కి వెళ్ళి అన్నం ముందు కూర్చుంటే మాత్రం నవ్వు రాలేదు. ఆ పైపూ, దాన్ని పట్టుకున్న చేతులూ కళ్ళముందు కదిలాయి. కూర చల్లారిపోయింది. 'నీకేమైందే?' అని తనని తానే తిట్టుకుంది.

గొడవంతా క్రియాపదాల పాఠం రోజున వచ్చింది. ప్రపోజ్ అంటే పెళ్ళి అడగడమే కాదు, ఏదైనా ప్రతిపాదించడం కూడా అని చెప్పి, సొంత వాక్యాలు అడిగింది నిస్సీ. బయట ఎండ మండిపోతోంది. గదిలో ఫ్యాను తిరుగుతున్నట్టు శబ్దం వస్తోంది గానీ గాలి రావడం లేదు. ఫ్యాను మార్చమని ప్రతిపాదించాలని లేచాడు మునికుమార్.

"ఐ ప్రపోజ్ టు నిస్సీ మేడమ్..."

తర్వాతి మాట తట్టలేదు. తల గోక్కున్నాడు.

ఆ కాస్త సందు చాలు బ్యాచ్‌కి. బల్లలు చరిచారు. ఒకావిడ ఈల కూడా వేసింది. సరిగ్గా అప్పుడే వరండాలో వెళ్తున్న సెంటర్ యజమాని గుణశేఖర్ తల లోపలికి పెట్టాడు.

క్లాసయ్యాక నిస్సీని పిలిపించాడాయన. "ఆడోళ్ళ బ్యాచ్‌లో ఈ యవ్వారాలేంది మేడమ్? ఆ పిలగాడన్నా మానాల, మీరన్నా మానాల."

నిస్సీ మెట్ల మీద మునికుమార్‌ని ఆపింది. "రేపట్నుంచి రావద్దండి."

"నేను ఫ్యాను గురించి..."

"దేని గురించైనా సరే."

అతను సంచీ భుజాన వేసుకుని దిగిపోయాడు.

మర్నాడు చివరి బెంచీ ఖాళీ. నిస్సీ నాలుగు జోకులు వేసింది. ఎవరూ నవ్వలేదు. ఆ తర్వాతి రోజుకి ముందు బెంచీ కూడా ఖాళీ అయింది. నాగులమ్మ లేని క్లాసులో మాకేం పనని మిగతావాళ్ళూ మానేశారు. గుణశేఖర్ ఖాళీ గదిని చూసి, "నేనేమో ఒక మాటంటిని, మీరు నిజంగానే పంపించేస్తిరా?" అని నిస్సీ మీదే ఎగిరాడు.

ఆ ఆదివారం చర్చి నుంచి నేరుగా టిఫిన్ సెంటర్‌కి వెళ్ళింది నిస్సీ. దారిలో వాన పట్టుకుంది. రేకుల కిందికి చేరేసరికి నిండా తడిసింది. మునికుమార్ పచ్చడి గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. నాగులమ్మ తువ్వాలు తెచ్చి ఆమె నెత్తిన వేసి, పొయ్యి దగ్గరికి పోయి, అటు తిరిగి నిలబడింది. చెవులు మాత్రం ఇటే ఉన్నాయి.

"ఉద్యోగం పోతుందని భయపడ్డాను," అంది నిస్సీ. "మీ తప్పేం లేదు. ఆ రోజు వాక్యం సగంలో ఆగింది. ఇప్పుడు పూర్తి చేస్తారా?"

"అది ఫ్యాను మార్చమనే మేడమ్."

"ఓహో." నిస్సీ మొహం వాడిపోయింది. తువ్వాలు మడతపెట్టి బల్ల మీద పెట్టింది. "సరే. వస్తాను."

"అది ఆ రోజు మేడమ్," అన్నాడు మునికుమార్ గబగబా. "ఈ పొద్దు అడిగితే ఫ్యాను ఊసే ఎత్తను."

రేకుల మీద వాన దడదడమంటోంది. నిస్సీ చూపు పచ్చడి గిన్నె మీద, మునికుమార్ చూపు నిస్సీ మీద.

"వాక్యం ఆ పొద్దు ఆగిన కాడికే చాలు," అంది ఆమె. ఇన్నాళ్ళూ దాచుకున్న సొంతూరు గూడూరు యాస బయటపడిపోయింది.

"దేవుళ్ళ సంగతో?" అడిగాడు అమ్మ వైపు చూస్తూ.

"వాళ్ళు పెద్దోళ్ళురా, సర్దుకుంటారు," అంది నాగులమ్మ పొయ్యి దగ్గర్నుంచే. "చర్చిలో ఒక పెండ్లి, కొండ కింద ఒక పెండ్లి. బిర్యానీ మాత్రం ఒక్కసారే."

తర్వాతి వారం గూడూరు నుంచి నిస్సీ నాయన పాల్ వచ్చాడు. నిమ్మకాయల వ్యాపారి. మాట తక్కువ మనిషి. టిఫిన్ సెంటర్ బల్ల మీద కూర్చుని ఒక దోశ పూర్తిగా తిని, చేయి కడుక్కుని, అప్పుడు అడిగాడు.

"మా నిస్సీ దగ్గర ఇంగ్లీషు నేర్చుకుంటివంటనే. మా పిల్లని ఎందుకు చేసుకోవాలనుకుంటుండావో ఇంగ్లీషులో చెప్పు అబ్బయ్యా."

మునికుమార్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నిస్సీ పరీక్ష హాల్లో టీచరులా పైకప్పు చూస్తోంది.

"సర్... వెన్ ఐ టాక్, షి లాఫ్స్. వెన్ షి లాఫ్స్... ఐ..."

తర్వాతి మాట కోసం వెతికాడు. ఇంగ్లీషులోనూ దొరకలేదు, తెలుగులోనూ దొరకలేదు.

"అయిపోయిందా?"

"అంతే సార్."

పాల్ కూతురి వైపు తిరిగాడు. "కరెక్టుగా చెప్పినాడా మ్మా?"

"రెండో వాక్యం సగమే నాయనా," అంది నిస్సీ.

"ఉండనీలే. నాకు మొదటిది కూడా అర్థం కాలే," అన్నాడు పాల్. "ఆయబ్బి చెప్పేటప్పుడు నేను నీ మొహమే చూస్తా ఉండా. నీకర్థమైంది. అది చాలు."

నాగులమ్మ గబగబా ఇంకో దోశ తెచ్చింది. ఆ సంతోషాన్ని ఇంగ్లీషులో చెప్పాలనుకుంది కాబోలు, "ఈట్, ఈట్, మై..." అని ఆగిపోయింది.

"వియ్యంకుణ్ణి ఇంగ్లీషులో ఏమంటారు మేడమ్?" అని నిస్సీని అడిగింది.

"ఆ మాట ఇంగ్లీషులో లేదత్తా," అంది నిస్సీ.

అంతవరకూ ఆమెని 'నాగులమ్మగారూ' అనే పిలిచేది. నాగులమ్మ చేతిలో దోశ అలాగే ఉండిపోయింది. కళ్ళు తుడుచుకుని, దాన్ని పాల్ ప్లేట్లో వేసింది.

"పాపం, లేదంట," అంది. "పోనీలే, మన మాటే ఇద్దాం ఇంగ్లీషోళ్ళకి."