బీ సలామా ఇంట్లో చనిపోయిన రాకుమారి

"ఆవిడ ఏ సంవత్సరంలో చనిపోయిందండీ?" అని గుంపు వెనకనుంచి ఒక ఆడగొంతు అడిగింది.

నాకు చిరాకేసింది. రాకుమారి కథ చెప్పేటప్పుడు మధ్యలో ఎవరూ మాట్లాడకూడదు. కెన్యా తీరంలో ఉన్న మా లామూ దీవిలో గైడుగా ఆరేళ్ళనుంచి పనిచేస్తున్నాను. ఈ ఆరేళ్ళలో నేను కల్పించిన వాటన్నిటిలోకీ బాగా పండిన కథ అది. బీ సలామా ఇంటి దగ్గర, సందు మీదుగా రెండు ఇళ్ళని కలుపుతూ కట్టిన గది ఒకటుంది. దాని కింద జనాన్ని నిలబెట్టి గొంతు తగ్గిస్తాను. ఎదురింటి అబ్బాయిని ప్రేమించిన రాకుమారి ఆ గదిలోంచే అతని దగ్గరికి వెళ్ళేదనీ, తండ్రికి తెలిసి గది మధ్యలో గోడ కట్టించాడనీ, ఆ గోడకి చెంప ఆనించి ఏడ్చి ఏడ్చి ఆమె ప్రాణం విడిచిందనీ చెప్తాను. సరిగ్గా అప్పుడు ఏ గాడిదైనా ఓండ్ర పెడితే ఇంకా మంచిది.

ఆ రోజు నా వెనక నలుగురు తెల్లవాళ్ళు, నైరోబీనుంచి వచ్చిన ఒక భార్యాభర్తల జంట ఉన్నారు. తెల్లవాళ్ళ కాళ్ళకి కొండలెక్కే బూట్లు. మా ఊళ్ళో కొండ లేదు. నైరోబీ ఆయన పడవ దిగీ దిగగానే టాక్సీలు ఎక్కడ ఆగుతాయని అడిగాడు. రెండు గాడిదలు ఎదురుపడితే ఒకటి వెనక్కి నడవాల్సిన సందుల్లో ఆయనకి టాక్సీ కావాలి. ఇలాంటివాళ్ళకి నిజం చెప్పడం కంటే దండగ పని ఇంకోటి లేదని అప్పటికి నా అభిప్రాయం.

అడిగినమ్మాయి బుయిబుయిలో, అంటే మా తీరంలో ఆడవాళ్ళు వేసుకునే నల్ల బురఖాలో, నల్లద్దాలు నెత్తిమీదికి నెట్టుకుని, కాల్చిన మొక్కజొన్న కంకి తింటోంది. మాట తీరు చూస్తే మొంబాసా పిల్ల. మొంబాసావాళ్ళకి తాము తప్ప ఈ తీరంలో మనుషులు లేరని ఒక నమ్మకం.

"పద్దెనిమిదివందల తొంభైలో" అన్నాను, గంభీరంగా.

"ఏ కిటికీ?"

చెయ్యెత్తి చూపించాను. సరిగ్గా ఆ కిటికీ రెక్క తెరుచుకుని, చేతిలో గరిటెతో ఆ ఇంటి ముసలావిడ బీ సలామా తల బయటికి పెట్టింది.

"ఎవరు పోయారే షుఫా?"

"నువ్వేనట బామ్మా."

"ఎప్పుడు?"

"పద్దెనిమిదివందల తొంభైలోట."

"మరి పొయ్యి మీద చేప ఎవరు చూస్తున్నార్ట?" అని ఆవిడ ధడాలున రెక్క మూసేసింది.

తెల్లవాళ్ళకి మా స్వాహిలీ రాదు కాబట్టి బతికిపోయాననుకున్నాను. నైరోబీ ఆయన నలుగురికీ వరసగా ఇంగ్లీషులో విడమరిచి చెప్పాడు. అంత సాయం నేను అడగలేదు. వాళ్ళు పడీ పడీ నవ్వారు, ఆ పిల్ల మాత్రం నవ్వలేదు. కంకి గింజలు ఒలుచుకుంటూ, మురిగిపోయిన చేపని చూసినట్టు నన్ను చూసి బీ సలామా ఇంట్లోకి వెళ్ళిపోయింది.

సాయంత్రం కాఫీ తాగడానికి మా సందు అరుగు మీద కూర్చుంటే, ఊళ్ళో ప్రతివాడూ రాకుమారి ఆరోగ్యం ఎలా ఉందని నన్ను పరామర్శించాడు. మా ఊళ్ళో మగవాళ్ళకి అరుగు మీద కూర్చుని పక్కవాణ్ణి ఏడిపించడమే పని, అందులో మాత్రం అలుపుండదు.

మర్నాడు పొద్దున్న పడవల రేవు దగ్గర షుఫా తనంతట తనే నా దగ్గరికి వచ్చింది. క్షమాపణ చెప్తుందేమో అనుకున్నాను. నా తెలివి అలాంటిది.

"ఆ గోడ ఎందుకు కట్టారో తెలుసా ఫమావుగారూ?" అంది.

తెలీదన్నాను.

"కొబ్బరి కోరే పీట కోసం. అటు మా బామ్మ చెల్లెలు ఉండేది. ఇద్దరికీ కలిపి ఒకటే పీట. తీసుకెళ్ళిన పీట తిరిగివ్వలేదని ఒక రంజాన్‌లో మాటా మాటా పెరిగి గోడ కట్టించుకున్నారు. మీ రాకుమారికి ఇంత బుద్ధి కూడా ఉండి ఉండదు."

నాకు నవ్వొచ్చింది. ఆమె మొహం చూసి నవ్వు మింగేశాను.

తర్వాత చెప్పినవి నవ్వొచ్చేవి కావు. నా కథ విన్నవాళ్ళు మళ్ళీ విడిగా వచ్చి తలుపు బాదుతున్నారట. మా ఊళ్ళో ఏ గుమ్మం ముందైనా "హోడీ" అని పిలుస్తాం. లోపలినుంచి "కరిబూ" అని వినిపిస్తేనే అడుగు పెడతాం. మూడుసార్లు పిలిచినా పలకకపోతే నోరెత్తకుండా వెనక్కి తిరుగుతాం. పాలు తాగే పిల్లకి కూడా తెలిసిన సంగతి ఇది. పోయిన నెల ఒక పెద్దమనిషి హోడీ లేదు గీడీ లేదు, కెమెరా పట్టుకుని తిన్నగా మేడెక్కి, స్నానం చేసి తల ఆరబెట్టుకుంటున్న బీ సలామా ఎదురుగా నిలబడ్డాడట. అప్పట్నుంచీ ఆవిడ ఇంత ఉక్కలోనూ కిటికీలు మూసుకునే ఉంటోంది. నిన్న తెరిచింది నా గొంతు విని, నన్ను తిట్టడానికి.

"ఆవిడ లోపల ఉందని మీకు తెలుసు కదా?" అని అడిగింది.

తెలుసు. చిన్నప్పుడు ఆవిడ చేతి మామిడికాయ పచ్చడి నాకెన్నిసార్లు పెట్టిందో లెక్కలేదు. తెలిసే చెప్పాను. తల ఊపాను.

"ఈ నెలాఖరున ఇంటికి తాళం వేసి ఆవిణ్ణి మొంబాసా తీసుకెళ్ళిపోతున్నాను. హోటలు పెడతానని ఒకడు ఇప్పటికే రెండుసార్లు వచ్చి గోడలు తడిమి వెళ్ళాడు. ఆవిడ ఇక్కడే ఉంటానంటే నేనే ఇక్కడి ఆడపిల్లల బడికి టీచరుగా మారిపోయేదాన్ని. మీ దయవల్ల ఆ అవసరం లేకుండా పోయింది."

అలా అని వెళ్ళిపోయింది. నెలాఖరుకి పదహారు రోజులుంది. నన్ను అంత చక్కగా తిట్టిన మనిషి ఇంతవరకూ పుట్టలేదు. ఆమె వెళ్ళిపోతుందన్న మాటకి గుండె జారిపోవడమేమిటో నాకే అర్థం కాలేదు, తర్వాత అర్థమైంది. నాకామె కావాలి. ఆమె ఉండాలంటే ఆ ముసలావిడ ఉండాలి. ఆవిడ ఉండాలంటే నా రాకుమారి ఆ ఇల్లు ఖాళీ చెయ్యాలి.

మొదట నిజం చెప్పి చూశాను. ఇక్కడెవరూ చనిపోలేదు, అక్కాచెల్లెళ్ళు కొబ్బరి పీట కోసం పోట్లాడుకున్నారు, అంతేనని వచ్చినవాళ్ళందరికీ చెప్పాను. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఏదో దాస్తున్నానని ఒకావిడ నోటుపుస్తకంలో రాసుకుంది కూడా. మిగతా గైడులు నన్ను చూసి జాలిపడ్డారు. నా కథని వాళ్ళు ఎప్పుడో ఎత్తుకెళ్ళి బాగుచేసుకున్నారు. ఒకడు దెయ్యాన్ని చేర్చాడు. ఇంకొకడు, వాడి ఊహాశక్తి తగలబడ, పోర్చుగీసు కెప్టెన్ని చేర్చాడు.

అప్పుడు నాకు బుద్ధి వచ్చింది. ఊరు చూడ్డానికొచ్చేవాడు మనిషి మాట నమ్మడు, బోర్డుని నమ్ముతాడు. ఒక చెక్క మీద "అసలైన రాకుమారి ఇల్లు" అని నీలం రంగుతో రాసి, 1890 అని కూడా వేసి, ఒక గుమ్మం మీద మేకులతో కొట్టాను. పాత ఇల్లు తప్పని కొత్త పరిశోధనలో తేలిందని గైడులకి చెప్పాను. పుస్తకాల గదిలో ఏనాడూ కాలు పెట్టని ఆ మహానుభావులు పరిశోధన అనగానే తలలూపి, మర్నాటినుంచే జనాన్ని కొత్త ఇంటికి తోలడం మొదలుపెట్టారు.

ఆ ఇల్లు మాదే.

మూడో రోజు మా అమ్మ చీపురు పట్టుకుని నాకోసం గుమ్మంలో కాసుకుని కూర్చుంది.

"ఒరే ఫమావూ, మన ఇంట్లో ఎవరో పోయారట. నాకో మాట చెప్పకూడదూ?"

దాచకుండా అంతా చెప్పాను. అమ్మ చీపురు దించలేదు.

"ఇన్నాళ్ళూ ఆ చావు ఒక ముసలిదాని మీద పడేశావు. ఇప్పుడు నా మీదా? ఇంతకీ ఆ పిల్లెలా ఉంటుంది?"

"నోరు పెద్దది."

"మంచిదే. నీకు అలాంటిదే కావాలి" అని, నాకు శిక్ష వేసింది. రోజూ మధ్యాహ్నం మా గుమ్మంలో కూర్చుని, వచ్చిన ప్రతివాడిచేతా హోడీ అనిపించాలి. మూడుసార్లు పలకకపోతే వెనక్కి పంపాలి. అమ్మ పలకదు. మేడమీద హాయిగా పడుకుని వింటుంది.

అలా కూర్చుని ఒక లావుపాటి తెల్లావిడచేత నాలుక తిప్పిస్తున్నప్పుడు షుఫా అటు వచ్చింది. బోర్డు చదివింది. తెల్లావిడ మూడుసార్లు పిలిచి, వినయంగా తిరిగి వెళ్ళిపోయేదాకా ఆగింది.

"ఊళ్ళో ఇన్ని పాడుపడ్డ ఇళ్ళుండగా మీ ఇంటిమీదెందుకు పెట్టుకున్నారు?"

"పాడింట్లో పెడితే నాకు నొప్పి ఉండదు కదా. ఉండాలనిపించింది" అన్నాను. అంతటితో ఊరుకుంటే పోయేది. ఊరుకోలేదు. "మీరు వెళ్ళిపోతారేమోనని నాకు భయంగా ఉంది. మీరంటే నాకు చాలా ఇష్టం."

"బాగుంది. గైడుగారు ఇది రోజుకి ఎన్నిసార్లు చెప్తారు?"

"ఇదే మొదటిసారి. అందుకే గొంతు తగ్గించడం మర్చిపోయాను."

ఆమె మూతి బిగించింది. నవ్వు ఆపుకోవడానికో, తిట్టు ఆపుకోవడానికో తెలియలేదు.

"మా బామ్మ నిన్న కిటికీ తెరిచింది. సందు ఇంత చల్లగా ఉంటుందని మర్చిపోయానంది" అని మాత్రం చెప్పింది. "అయినా పెట్టెలు సర్దేశాం. మీరు క్షమాపణ చెప్పాల్సింది నాకు కాదు."

మా దగ్గర పెళ్ళి మాట అబ్బాయి తనే వెళ్ళి అడగడు, పెద్దవాళ్ళు అడగాలి. ఆ మాట తను రేపు అడుగుతాననీ, ముందు నువ్వెళ్ళి ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుని రమ్మనీ అమ్మ అంది. నెలాఖరు శుక్రవారం మధ్యాహ్నం నమాజు అయ్యాక, మడమలదాకా వచ్చే తెల్ల కాంజూ ఇస్త్రీ చేసి వేసుకుని, వడ్రంగి చేత కొత్తగా చేయించిన కొబ్బరి కోరే పీట చంకలో పెట్టుకుని బీ సలామా గుమ్మం ముందు నిలబడ్డాను. అరుగుల మీద జనం కాఫీలు ఆపేసి చూశారు. మగవాడు కొబ్బరి పీట మోసుకెళ్ళడం మా ఊళ్ళో ఏనుగు నడిచి వెళ్ళినంత వింత.

"హోడీ" అన్నాను.

లోపల గరిటె చప్పుడు వినిపిస్తోంది. ఎవరూ పలకలేదు.

రెండోసారి పిలిచాను. గరిటె చప్పుడు ఆగింది. అంతే.

మూడోసారి నా గొంతు నాకే సరిగ్గా వినిపించలేదు. జవాబు రాలేదు. వెనక ఎవరో దగ్గితే తల తిప్పి చూశాను, నా దగ్గర హోడీ నేర్చుకున్న లావుపాటి తెల్లావిడే. ఆవిడ మూడు వేళ్ళు చూపించి, ఇక వెళ్ళాలి కదా అని నాకు గుర్తుచేసింది. నేను ఆరేళ్ళుగా వెక్కిరించిన జాతి అది. ఆవిడ మాట నిజం. పీట చంకలో సర్దుకుని వెనక్కి తిరిగాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అది కూడా అరుగుల మీదివాళ్ళు చూశారు.

పైన కిటికీ రెక్క తెరుచుకుంది.

"అప్పుడే వెళ్తున్నారేం?" అంది షుఫా.

"మూడుసార్లు పిలిచాను."

"రాకుమారికి కాస్త చెముడు. పద్దెనిమిదివందల తొంభైనుంచి పలకడం అలవాటు తప్పింది. ఇంకోసారి పిలవండి."

పిలిచాను. సందు చివరిదాకా వినపడేలా పిలిచాను. లోపలినుంచి రెండు గొంతులు ఒక్కసారి "కరిబూ" అన్నాయి. ఒకటి ముసలిది, ఒకటి కాదు.

లోపల నడవలో రెండు ట్రంకుపెట్టెలు తాళ్ళు బిగించి ఉన్నాయి. నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. తర్వాత చూశాను. వాటిమీద గుడ్డ పరిచి ఉంది, పైకప్పు లేని చోటునుంచి ఎండ సరిగ్గా ఆ గుడ్డ మీదే పడుతోంది. గుడ్డ నిండా ఉప్పు పట్టించిన మామిడికాయ ముక్కలు. రేపు ఊరు వదిలేవాళ్ళు ఇవాళ పచ్చడికి ముక్కలు ఎండబెట్టరు.

బీ సలామా నా చేతిలోంచి పీట లాక్కుని, పళ్ళు బొటనవేలితో తడిమి చూసి పెదవి విరిచింది. నేను క్షమించమని నోరు తెరిచేలోపు సగం కొబ్బరిచిప్ప తెచ్చి చేతిలో పెట్టింది.

"నీ నోటివల్ల ఇప్పటికే చాలా పడ్డాను నాయనా. కూర్చుని కొబ్బరి కోరు. మీ అమ్మ రేపొస్తానని కబురు పెట్టింది, అన్నంలోకి కొబ్బరిపాలు కావాలి."

కూర్చుని కోరడం మొదలుపెట్టాను. మొదటి చిప్పకే వేలు గీసుకుపోయింది. షుఫా ఎదురుగా నేలమీద కూర్చుని, నేను కోరింది అరచేతిలోకి తీసుకుని, ఇంత ముతకగా గాడిద కూడా కోరదని చెప్పి నోట్లో వేసుకుంది.