గూళ్ల కింద చేపలు

ధన్!

గుండు తగిలి చేతిలో గెడ రెండు ముక్కలైంది. వీరదుర్గ దోనెలో బోర్లా పడింది.

వెనక ఇంజన్ బోటు... మంచులో కనిపించడం లేదు. చప్పుడు మాత్రం దగ్గరవుతోంది.

టైము ఏడు దాటింది. ఇంకో అరగంటలో అమ్మ పొయ్యి మీంచి పులుసు దాక దింపేస్తుంది!

దుర్గ విరిగిన గెడతోనే దోనెను నెట్టింది.

ఫారెస్టు వాళ్ల దగ్గర రోజుకూలీ వాచర్ ఆమె. సరస్సులో గూడబాతుల గూళ్లకు కాపలా. ఇవాళ తెల్లవారేసరికి, గూళ్ల కోసం నీళ్లలో పాతిన ఇనప స్టాండ్ల మీంచి పక్షులు ఒక్కొక్కటే నీళ్లలోకి రాలాయి... పద్నాలుగు! ఒకదాని ముక్కు సంచి చీల్చి చూసింది. లోపల చేప. ఆ చేప పొట్టలో ఊదారంగు గుళికలు. ఆ పక్షిని సాక్ష్యంగా దోనెలో వేసుకుంది.

పొలానికి చల్లే పురుగుల మందు!

ఎవడి పనో వేరే చెప్పాలా? తన చెరువులో చేపలన్నీ ఈ పక్షులే మింగేస్తున్నాయని కోదండరామయ్య నెలరోజులుగా రంకెలేస్తున్నాడు. సరస్సును ఆక్రమించి చెరువు తవ్వినవాడికి అంత రోషం!

కానీ దుర్గ గుండె జారింది అందుకు కాదు.

పక్షులు పిల్లలకు తినిపిస్తుంటే గూళ్ల కింద చేపలు రాలతాయి. వాటిని ఏరుకుని పులుసు పెట్టుకోవడం ఇక్కడి ఆడవాళ్లకు తాతలనాటి అలవాటు. ఇవాళ చీకటితోనే అమ్మ సత్తెమ్మ తట్ట నింపుకుని వెళ్లింది.

ఆ తట్ట అమ్మ తలకెత్తింది దుర్గే!

ఫోన్ చేద్దామంటే మొదటి గుండుకే అది నీళ్లపాలైంది.

ధన్!

భుజంలో నిప్పు పడ్డట్టయింది. రక్తం! దుర్గ పళ్లు బిగించి గుర్రపుడెక్కలోకి దూరింది. బోటు ఇందులోకి రాలేదు. అవతలికి చేరితే ఊరే...

చేరింది.

చుట్టు తిరిగొచ్చిన బోటు అక్కడే నిలబడి ఉంది!

ఇంజన్ దగ్గర కోదండరామయ్య. ముందు తుపాకీతో చెరువు కాపలాదారు ముత్యాలరాజు. దుర్గకు సొంత తమ్ముడు!

"ఎందుకు పరిగెడతావక్కా? ఆ చచ్చిన పక్షిని ఇచ్చేసి ఎళ్లిపో!" రాజు తుపాకీ దించలేదు.

కోదండరామయ్య దోనెలోకి దూకాడు. గాయం మీదే బూటుకాలితో తొక్కాడు. "ఆఫీసర్లకి చూపిద్దామనా?"

ఎముక పటుక్కుమంది. దుర్గ కేక పెట్టింది.

"రాజూ! అమ్మకి ఫోన్ చెయ్‌రా! గూళ్ల కింద చేపలు ఎత్తుకెళ్లింది... పులుసు పెట్టేస్తాది!"

రాజు ముఖం పాలిపోయింది.

"నాటకాలు!" కోదండరామయ్య నవ్వుతూ బోటెక్కాడు. "కాల్చెయ్‌రా. డెక్క కింద తొక్కేద్దాం."

"ఒక్క నిమిషం ఆగండి..."

రాజు ఫోన్ తీశాడు. స్పీకర్లో రింగ్... రింగ్...

"నాన్నా!" ఏడేళ్ల కుసుమ. రాజు కూతురు. వెక్కుతోంది. "నానమ్మ పులుసులో ఉప్పు చూసింది నాన్నా... పడిపోయింది... నోట్లోంచి నురగ..."

"నువ్వు తిన్నావా?" రాజు అరిచాడు.

"లేదు... అన్నం ఇంకా ఉడకలేదు..."

"ముట్టుకోకమ్మా! పక్కింటి అత్తని పిలు! వచ్చేస్తున్నా!"

ఫోన్ జేబులోకి వెళ్లింది. తుపాకీ గొట్టం మెల్లగా పక్కకు తిరిగింది.

కోదండరామయ్య నవ్వు ఆగిపోయింది. "ఏరా... నేనేం చేశాను? ఆ చేపల పొట్టల్లో మందు కూరింది నీ చేతులే కదరా!"

"అవునండి."

దుర్గ గాయం పట్టుకుని లేచింది. తమ్ముడి మీద అసహ్యం... తమ్ముడంటే జాలి... రెండూ ఒక్కసారే.

"వద్దురా! అమ్మ బతికే ఉందేమో! ఏలూరు ఆసుపత్రికి తీసుకెళ్లాలి... ఆయన లేకపోతే బోటెవరు నడుపుతారు!"

రాజు ఆమె వైపు చూడలేదు.

"బోటు నడపడం నాకూ వచ్చక్కా."

ధన్!