దుప్పి అరిచాకే పాట

బడి నుంచి వస్తూనే షోనగ్ పుస్తకాల సంచీ రాతిగోడ మీద పడేసి, కొండ వైపు చెవులు రిక్కించింది.

అక్టోబరు వచ్చిందంటే ఆ లోయలో అందరి చెవులూ కొండ మీదే. ఆ ఏడు మగ దుప్పి తొలిసారి అరిచాకే ఇషబెల్ అవ్వ ఫిడేలు మీద దుప్పి పాట ఎత్తుకుంటుంది. అంతవరకు కాళ్లావేళ్లా పడ్డా వాయించదు. పాపం, అవ్వకు చెవులు మందగించాయి. అరుపు ముందు విన్నవాళ్లే పరుగెత్తుకెళ్లి ఆమెకు చెప్పాలి. అలా చెప్పినవాళ్లకు ఆ సాయంత్రం అవ్వ పక్కనే పీట.

ఈసారి ఆ పీట తనదే కావాలని షోనగ్ ఆశ. కానీ ఆమె కుటుంబం పట్నం నుంచి వచ్చి ఏడాది కూడా కాలేదు. అసలు ఆ అరుపు ఎలా ఉంటుంది?

"తుప్పు పట్టిన గేటు తీసినట్టుంటుంది" అన్నాడు నాన్న.

"కాదు, జలుబు చేసినప్పుడు మీ నాన్న పెట్టే గురకలా ఉంటుంది" అంది అమ్మ.

అంతలో పొగమంచులోంచి బొంగురుగా ఒక అరుపు వినిపించింది. షోనగ్ ఇంకో క్షణం ఆగితే ఒట్టు! అవ్వ ఇంటికి ఒకటే పరుగు.

"అవ్వా! దుప్పి అరిచింది! నేనే ముందు విన్నా!"

అవ్వ మొహం వెలిగిపోయింది. "ఏడాదంతా ఈ మాట కోసమే చూస్తున్నా తల్లీ. పో, అందర్నీ పిలుచుకురా."

సాయంత్రానికి అవ్వ ఇల్లు జనంతో నిండిపోయింది. తలుపు వేద్దామని వెళ్లిన షోనగ్‌కు మళ్లీ అదే అరుపు వినిపించింది. గోడ అవతల మర్డో తాత బొచ్చు ఆవు మెడ చాచి అరుస్తోంది!

ఆవును ఇంకెవరూ చూడలేదు. తలుపు మూసేస్తే ఎవరికీ తెలియదు. అవ్వ అప్పటికే ఫిడేలు కమాను చేతిలోకి తీసుకుంది.

"అవ్వా, వాయించకు! నేను విన్నది దుప్పి కాదు. మర్డో తాత ఆవు."

ఇల్లంతా ఘొల్లున నవ్వింది. "అయితే ఆవు పాట వాయించు అవ్వా!" అన్నాడు పక్కింటి కేలమ్. షోనగ్‌కు ఏడుపొచ్చింది.

"నోరు ముయ్యరా. అడక్కుండానే నిజం చెప్పింది కదా" అంటూ అవ్వ ఫిడేలు పెట్టెలో పెట్టేసింది. వచ్చినవాళ్లు సూపు తాగి, పాట వినకుండానే ఇళ్లకు పోయారు.

ఆ తర్వాత షోనగ్ రోజూ గోడ మీద కూర్చుని వినసాగింది. ఒక సాయంత్రం శిఖరం మీంచి అరుపొచ్చింది. కాళ్లు పరుగుకు సిద్ధమైనా ఆమె కదల్లేదు. మళ్లీ వినిపించింది. అవతలి కొండ మీంచి ఇంకొక దుప్పి బదులిచ్చింది. అప్పుడు లేచి అవ్వ దగ్గరికి వెళ్లి చెప్పింది.

"అరుపు ఎలా ఉంది?" అని అడిగింది అవ్వ.

"మొదట గొంతు సవరించుకున్నట్టు చిన్నగా వచ్చింది. తర్వాత పొట్టలోంచి పెద్దగా. చివర్లో దగ్గింది."

అవ్వ ఫిడేలు తీసి, అన్నిటికన్నా లావు తీగను కాస్త వదులు చేసి మోగించింది. "ఇలాగా?"

షోనగ్ కళ్లు మూసుకుని వింది. ఈసారి తొందరపడి అవుననలేదు.

"ఇంకొక్కసారి వాయించు అవ్వా" అంది.