దారానికి అవతలి కొస

పలమనేరులో ఆ పొద్దున మంచు ఇంకా విడవలేదు. ఎదురింటి గోడ కూడా కనపడటం లేదు. వాకిట్లో తెల్ల అంబాసిడరు మంచులో సగం కరిగిపోయినట్టు నిలబడి ఉంది. మునివెంకటప్ప దాని ముందు గొంతుక్కూర్చుని ఎడమ టైరును అరచేత్తో తడిమాడు. లోపలి అంచు అరిగిపోయింది. ఒకవైపు తడిమితే పట్టులాగా, తిరిగి తడిమితే రంపంలాగా తగిలింది.

కొత్త టైరు. ఇల్లు నడిచేది ఈ కారు బాడుగల మీదే. కిందటి నెల ముందు చక్రాల ఆర్ములు, బుష్షులు, టై రాడ్డు ఎండ్లు ఆయనే మార్చాడు. మార్చాక కారు పక్కన వెనక నుంచి ముందుకు పురికొస లాగి చక్రాలు నేరుగా ఉన్నాయో లేదో ఆయనే చూశాడు. బండి కొన్నప్పటి నుంచీ అలాగే చూస్తున్నాడు. తప్పు తన చేతిది కాదు.

"ఆయమ్మే యాడో రాయెక్కించింది," అన్నాడు లోపలికి వినపడేలా.

ఆయమ్మ అంటే కోడలు మోహన. సాయంత్రాలు ఖాళీ రోడ్డు మీద కారు నేర్చుకుంటోంది. నిరుడు ఆయన భార్య తాయమ్మ ఆయాసంతో పోయిన రాత్రి ఆయన తిరుమల బాడుగలో ఉన్నాడు. ఇంట్లో ఉన్నది మోహన. ఆనాటి నుంచి ఆయన కోడలి పేరు పలకలేదు, ఆమెతో మాట్లాడలేదు.

కొడుకు గుణశేఖర్ పెట్టెతో బయటికి వచ్చాడు.

"రాయీ లేదు, ఏమీ లేదు నాయనా. దాన్ని అనేదానికి నీకేదో ఒకటి కావాల. చిత్తూరులో ఇల్లు చూసినా. ఈ పొద్దే పోతా ఉండాం."

"పోండి. ఎవురు పట్టుకున్నారు?"

"ఆడ మిషను పెట్టి చక్రాలు సరి చేస్తారంట. బండినన్నా తీసుకురా."

"నా చేతికి తెలియంది మిషనుకు తెలుస్తాదా?"

"తెలుస్తాది. పైగా మిషను కోడల్ని తిట్టదు."

మునివెంకటప్ప లేవలేదు. మోహన సంచితో వచ్చి, డిక్కీ పక్కన ఆగిపోయింది. వెనక బంపరుకు పురికొస ముడి ఒకటి వేలాడుతోంది. వంగి దాన్ని వేలితో కదిలించింది.

"మామా, దారం దీనికి కట్టి చూసినావా?"

ఆయన టైరునే తడుముతున్నాడు.

"అత్త ఎనక టైరుకు ఆనించి పట్టేది గదా. బంపరూ టైరూ ఒక గీతలో ఉంటాయా? దారమే వంకరగా ఉంటే చక్రం యాడ నేరుగా నిలుస్తాది?"

అది ఇద్దరి పని. తాయమ్మ ఉన్నన్నాళ్లూ వెనక చక్రం దగ్గర కూర్చుని ఒక కొస పట్టేది. ఆయన ముందు నుంచి "బిగించు" అనేవాడు. "బిగించినా, తెంచేస్తావా ఏంది?" అనేది ఆమె. ఈసారి ఆ కొస పట్టమని ఎవరినీ అడగబుద్ధి కాలేదు. బంపరుకు కట్టేశాడు.

"నీకెవురు చెప్పినారు?" అన్నాడు. తాయమ్మ పోయాక కోడలితో ఆయన అన్న మొదటి మాట అది.

"అత్తే. ఆ రాత్రే." మోహన ఆ ముడి విప్పసాగింది. "ఆయాసపడతానే చీర కొంగు నా చేతికిచ్చింది. ఈ కొస నువ్వు పట్టు, ఇట్ల ఆనించు, ఇట్ల లాగు అని చూపించింది. నేను లేకుంటే మీ మామ ఎవుర్నీ పిలవడు మే, నువ్వే పోయి పట్టుకో అన్నింది. నువ్వు పని చేసేటప్పుడు గడప కాడికొచ్చి నిలబడినా మామా. నువ్వు తలెత్తలా."

ఆ రాత్రి ఆయన అక్కడ లేడు. కోడలు ఉంది. ఇన్నాళ్లూ ఆయన క్షమించనిది అంతే.

ఆయన జేబులోంచి పురికొస ఉండ తీశాడు. విప్పి ఒక కొస వెనక్కి చాచాడు. చూడకుండానే. దాన్నొక చెయ్యి అందుకుంది. దారం కారు పక్కగా సాగి, మంచులోకి పోయి కనపడకుండా పోయింది. అవతల గాజులు మెల్లగా కదిలాయి. అక్కడ కూర్చున్నది ఎవరో ఆయనకు ఒక్క క్షణం తెలియలేదు. తెలుసుకోవాలనీ అనిపించలేదు.

"బిగించు," అన్నాడు. మళ్లీ, "బిగించు మోహనా," అన్నాడు.

దారం వేళ్ల మధ్య జివ్వుమంది.

"బిగించినా మామా. తెంచేస్తావా ఏంది?"

చక్రం వంకర తెలియాలంటే ఇప్పుడు దారానికీ ముందు టైరుకూ మధ్య సందు చూడాలి. అది ఆయన ముక్కు ముందే ఉంది. ఆయన దారం వదల్లేదు. కళ్లు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

"రేయ్ గుణా," అన్నాడు చివరికి. "ఆ పెట్టె లోపల పెట్టి ఇట్ల రా. సందు ఎంతుండాదో నువ్వు సూడు. మంచుకు నాకు కనపడలా."