ఏడో నంబరు ఆరోగ్యవంతుడు

"తల కదిపారు."

"లేదండీ."

"కంప్యూటరు చెబుతోంది. బొమ్మలన్నీ పాడయ్యాయి."

కిరీటి నేరం ఒప్పుకోలేదు. ఎమ్మారై గొట్టంలో పడుకున్నవాళ్ళకి బయట గది కనపడేలా కళ్ళపైన చిన్న అద్దం పెట్టింది వాళ్ళే. ఆ అద్దంలో భానుశ్రీ పెన్ను కొరుకుతూ కనపడుతుంటే తల తిప్పకుండా ఉండడానికి అతనేమన్నా రుషా?

అది 2006. విజయవాడ సూర్యారావుపేటలో ఒక స్కాన్ సెంటరు. డిప్రెషన్ ఉన్నవాళ్ళ మెదడునీ, లేనివాళ్ళ మెదడునీ పక్కపక్కన పెట్టి చూస్తే, ఆత్మహత్య ఆలోచన ఎవరికి వస్తుందో ముందే తెలుస్తుందేమోనని పరిశోధన. భానుశ్రీ అందులో రీసెర్చ్ అసిస్టెంటు. జబ్బున్నవాళ్ళు సులభంగానే దొరికారు. ఆరోగ్యవంతులకే కరువొచ్చింది. కైకలూరు దగ్గర రొయ్యల చెరువులున్న కిరీటి, పోస్టరు చూసి కాదు, దాన్ని అంటిస్తున్న అమ్మాయిని చూసి ఆరోగ్యవంతుడైపోయాడు.

నెలకో స్కాను. దానికి ముందు ప్రశ్నల కాగితం.

"నిద్ర పడుతోందా?"

"బ్రహ్మాండంగా అండీ."

"ఆకలి?"

"మీరు టిఫినుకొస్తే చూపిస్తాను."

"స్టడీలో ఉన్నవాళ్ళతో కాఫీ కూడా తాగకూడదు. రూలు. చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా?"

"ఛఛ! నాకేంటండీ, బాగున్నాను."

మన వైపు ఇదొక మర్యాద. ఇల్లు కూలిపోతున్నా, పలకరించినవాళ్ళకి బాగున్నామనే చెబుతాం. ఆస్పత్రి మంచం దిగి తిన్నగా వచ్చిన పేషెంట్లు కూడా భానుశ్రీతో "బాగానే ఉన్నామండీ" అనే మొదలుపెట్టేవారు.

మూడో నెల వాన పడుతున్న రోజున కిరీటి తల కదపలేదు. భానుశ్రీ మురిసిపోయింది.

"ఎంత బాగా వచ్చాయో! అచ్చమైన ఆరోగ్యవంతుడి మెదడండీ మీది. మిగతావాళ్ళని మీతోనే పోల్చి చూస్తాం."

కిరీటి చెప్పుల్లో కాళ్ళు పెట్టాడు. మళ్ళీ తీసి కూర్చున్నాడు. నిజం చెబితే పేరు కొట్టేస్తారు, ఈ అమ్మాయి ఇక కనపడదు. చెప్పకపోతే ఆమె రెండేళ్ళ కష్టం తన అబద్ధంతో పాడవుతుంది.

"ఆఖరి ప్రశ్నకి అబద్ధం చెప్పానండీ. పోయినేడాది చెరువులకి వైరస్ తగిలి రొయ్యలన్నీ పోయాయి. అప్పట్నుంచీ కొన్ని రోజులు పొద్దున్నే లేవాలనిపించదు. ఇంకెందుకు, చచ్చిపోదామనిపిస్తుంది. ఇంట్లో ఎవరికీ తెలీదు."

అంత పెద్ద మిషను మూడు నెలలు లోపలంతా వెతికి కనిపెట్టలేకపోయిన సంగతి అది.

భానుశ్రీ పెన్ను పక్కన పెట్టింది. "ఇప్పుడు, ఈ నిమిషంలో అనిపిస్తోందా?"

"లేదండీ. ఇప్పుడు భయంగా ఉంది."

"నాక్కూడా. పదండి, డాక్టరుగారి దగ్గరికి వెళ్దాం. నేనూ వస్తాను."

పై అంతస్తులో డాక్టరుగారి గది దాకా తనే తీసుకెళ్ళింది. అతన్ని లోపలికి పిలిచేదాకా పక్కనే కూర్చుంది. తర్వాత కిందికొచ్చి, జాబితాలో ఏడో పేరు కొట్టేసి ఏడ్చింది. బొమ్మల కోసమా, మనిషి కోసమా అని ఎవరైనా అడిగుంటే ఆమె కూడా మర్యాదగా అబద్ధమే చెప్పేది.

కిరీటి మందులు వాడాడు. డాక్టరుగారి మాట విని ఇంట్లో చెప్పాడు. ఎనిమిది నెలల తర్వాత, ఇంకో వానలో, స్కాన్ సెంటరు గుమ్మంలో నిలబడ్డాడు.

"ఎలా ఉన్నారు?" అంది భానుశ్రీ.

"మొన్న రెండ్రోజులు బాలేదండీ. అమ్మకి చెప్పాను, రాత్రంతా పక్కనే కూర్చుంది. ఇవాళ ఫర్వాలేదు. మీరు గుర్తొచ్చారు, వచ్చాను."

ఇన్నాళ్ళ ఉద్యోగంలో ఆ ప్రశ్నకి ఆమెకి దొరికిన మొదటి సరైన జవాబు అది.

భానుశ్రీ గొడుగు అందుకుంది. "మీరిప్పుడు స్టడీలో లేరుగా. పదండి, కాఫీ తాగుదాం. తల ఎటు తిప్పినా ఏ బొమ్మా పాడవదు."

అతను ఇంకెటూ తిప్పలేదు. దారంతా ఆమెనే చూస్తూ నడిచాడు.