కొండమేక ముద్ర

ఊర్ అనే మా రేవు పట్టణంలో నువ్వులనూనె అంటే మా ఆయన ఇద్దతుం నూనే. జాడీ మూతికి గుడ్డ కట్టి, పైన తడిమట్టి మెత్తి, ఆయన వేలంత ఉండే తన గుండ్రటి రాతిముద్ర దొర్లిస్తే కొండమేక బొమ్మ పడేది. జనం ఆ మేకను చూసే కొనేవాళ్ళు. ముద్ర పడిందంటే అది ఆయన సొత్తు. వచ్చిన మొదటి పడవకే ఎక్కించెయ్యాలి, ఇంట్లో ఉంచుకోకూడదు.

ఆయన పోయాక, మా ఇళ్ళలో అందరినీ పెట్టినట్టే లోపలి గది నేల కింద పెట్టాం. ముద్రను కూడా మణికట్టుకి కట్టి పంపాలి. పంపామనే అనుకున్నాను.

కొన్నాళ్ళకి, ఒక మధ్యాహ్నం దుమ్ముగాలి లేచి ఇల్లంతా చీకటైపోయింది. కొట్లో మా మరిది షూముం జాడీకి మట్టి మెత్తుతున్నాడు. చేతిలో మేక ముద్ర!

"ఓరి నీ చేతులు పడిపోను! శవం చేతి నుంచి ఊడబీకావురా?"

"మెల్లగా, వదినా... మేక లేకపోతే మన నూనె ఎవడు ముట్టుకుంటాడు? నీ కూతురికేం పెడతావు?"

"ఆయన ఊరుకోడురా."

"పోయినవాడికి నూనెతో ఏం పని?" అని నవ్వాడు.

ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. వాడింకా ముట్టుకోని జాడీల మీద కూడా... మేక. మట్టి తడిగా ఉంది. పక్కనే బొటనవేలి గుర్తు, మధ్యలో అడ్డంగా గాటు. రోట్లో నలిగిన వేలు. మా ఆయనదే!

నా పై ప్రాణాలు పైనే పోయాయి. ముద్ర లాక్కుని లోపలి గదిలోకి పరుగెత్తాను. పోయినవాళ్ళకి నీళ్ళు పోసే మట్టిగొట్టం నేలలోంచి కింద ఆయన దాకా దిగి ఉంది.

"నీది నువ్వు తీసుకో. మమ్మల్ని వదిలెయ్," అంటూ అందులో జారవిడిచాను.

కింద పడ్డ చప్పుడు రాలేదు. ఎవరో అరచేత్తో పట్టుకున్నట్టు...

గాలి తగ్గింది. అమ్మయ్య అనుకుంటూ చాప మీద నిద్రపోతున్న నా కూతురు నరుబ్తు దగ్గరికెళ్ళాను. ఉన్నది అదొక్కతే నాకు.

దాని నుదుటి మీద తడిమట్టి. మట్టిలో కొండమేక. పక్కన గాటు పడ్డ వేలిముద్ర.

కొంగుతో తుడిచాను. మళ్ళీ వచ్చింది. మళ్ళీ తుడిచాను... ఈ రోజుకీ తుడుస్తూనే ఉన్నాను. దాన్ని నా నడుముకి కట్టుకుని పడుకుంటున్నాను. రేవు వైపు పోనివ్వడం లేదు.

అదేమో పొద్దున లేవగానే నేల కేసి చెవి పెట్టి, ఏదో విని, నన్నే అడుగుతుంది.

"పడవ వచ్చిందా అమ్మా? నాన్న అడుగుతున్నాడు."