నాన్నల హాజరు

ఉద్యోగంలో చేరిన మొదటి రోజే ఒక పేట మొత్తాన్ని ఏడిపించిన ఘనత శ్రీహరిరావుది. అతను చేసిన తప్పల్లా హాజరు త్వరగా ముగించడం.

ఎనభై ఎనిమిది జూన్ అది. మన సైన్యం లంకలో ఉన్న రోజులు. భర్తలు సముద్రం దాటి వెళ్ళాక, మిలటరీ క్వార్టర్లు దొరకని ఆడవాళ్ళు పిల్లల్ని వెంటబెట్టుకుని హైదరాబాదు కిషన్‌బాగ్ గల్లీల్లో అద్దెగదులు తీసుకున్నారు. ఆ పిల్లల కోసమే ఒక పాత హవేలీ వరండాలో, గదుల్లో అయిదో తరగతి దాకా చిన్న బడి నడిచేది. తెనాలి నుంచి వచ్చిన శ్రీహరికి మూడో తరగతి అప్పజెప్పారు.

"షహనాజ్!"

"ప్రెజెంట్ సార్!"

రెండు జడల పిల్ల లేచి చెప్పింది. చెప్పి కూర్చోలేదు. ఇంకా ఏదో రావాలన్నట్టు అతని మొహంలోకి చూస్తూ నిలబడింది.

"ప్రెజెంట్ అన్నావుగా. కూర్చో."

కూర్చోలేదు. తర్వాత పిలిచిన పిల్లాడూ అంతే, ఆ తర్వాతి వాడూ అంతే. కాసేపటికి క్లాసంతా నిలబడే ఉంది. కొత్త సారును ఆటపట్టించే ఏర్పాటు కాబోలనుకున్నాడు శ్రీహరి. బెత్తంతో బల్ల మీద గట్టిగా ఒకటి వేశాడు. పిల్లలు బిక్కమొహాలతో కూలబడ్డారు. మొదటి రోజే గెలిచాననుకుని అతను ఎక్కాలు మొదలుపెట్టాడు.

మధ్యాహ్నం పిల్లలు అన్నాలకు ఇళ్ళకు వెళ్ళారు. అరగంట తిరక్కుండానే గేటు నిండా ఆడవాళ్ళు, వాళ్ళ వెనకే పిల్లలు! ఒకామె చేతులకు రొట్టెల పిండి అలాగే ఉంది. ఒకామె చెప్పులైనా లేకుండా చంటిపిల్లను ఎత్తుకుని పరుగెత్తుకొచ్చింది. షహనాజ్ వాళ్ళమ్మ గేటు ఊచలు పట్టుకుని కేకేసింది.

"సార్, మావాళ్ళ పేరు ఎందుకు పిలువలే? లంక నుంచి ఏం ఖబర్ వచ్చింది? దాచిపెట్టకుండ్రి సార్, చెప్పుండ్రి!"

"ఏ ఖబరండీ? నాకేమీ తెలీదండీ!"

ఆ మాటతో ఏడుపులు రెట్టింపయ్యాయి. చెప్పడం ఇష్టంలేక దాటేస్తున్నాడనుకున్నారు పాపం.

అప్పుడు రెండో తరగతి గదిలోంచి వచ్చింది యశోద. నేత చీర, నుదుట చిన్న బొట్టు, చేతికి సుద్దపొడి. ఒక్క చూపులో సంగతి గ్రహించింది.

"సార్, పొద్దుగాల నాన్నల పేర్లు పిలిచిన్రా?"

"నాన్నల పేర్లా? హాజరు పిల్లలకు కదండీ!"

యశోద తల పట్టుకుంది. నేరుగా గేటు దగ్గరికి వెళ్ళి, పిల్లల్ని తల్లుల ముందు నిలబెట్టి, గొంతెత్తి పిలిచింది.

"నసీరుద్దీన్!"

షహనాజ్ కళ్ళు తుడుచుకుంది. "డ్యూటీల ఉన్నరు!"

"ఆగయ్య!"

"డ్యూటీల ఉన్నరు!"

"వైకుంఠం!"

చంటిపిల్లతో వచ్చినామె తనే చెప్పింది, "డ్యూటీల ఉన్నరు."

ఏ కాగితమూ చూడకుండా, ఒక్క పేరూ తప్పకుండా పిలిచింది. ఒక్కో పేరుకూ ఒక్కో తల్లి ఊపిరి పీల్చుకుంది. శ్రీహరి నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాడు. ఇంతమంది భయాన్ని వట్టి గొంతుతో దించేసిన మనిషిని అతను అంతవరకు చూడలేదు. నిజం చెప్పాలంటే అతని పని ఆ గేటు దగ్గరే అయిపోయింది. ఆ సంగతి అతనికే ఆలస్యంగా తెలిసింది.

అందరూ వెళ్ళాక యశోద అతని వైపు తిరిగింది.

"పెద్ద టీచర్ ఆపా చెప్తదని నేననుకున్న, నేను చెప్తనని ఆపా అనుకున్నది. తప్పు మాదే. గని సార్, బల్లనెందుకు కొట్టిన్రు? గదేం జేసింది మీకు?"

వెనక నుంచి హెడ్‌మిస్ట్రెస్ ఖుద్సియా ఆపా పకపకా నవ్వింది. శ్రీహరి చెవులు ఎర్రబడ్డాయి.

మర్నాటి నుంచి అతనూ పిలిచాడు. పిల్ల పేరు, వెంటనే నాన్న పేరు. ఏ నాన్నైనా సెలవు మీద వస్తే, ఆ పిల్ల "ఇంట్ల ఉన్నరు!" అని గల్లీ చివరికి వినబడేలా అరిచేది. క్లాసంతా చప్పట్లు. ఆ రోజు పలహారం ఆ ఇంటిదే.

"ఈ పద్ధతి ఎవరు పెట్టారండీ?" అని అడిగాడొక సాయంత్రం. శాలిబండ బస్సు కోసం ఇద్దరూ ఒకే గొడుగు కింద నిలబడ్డారు. గొడుగు యశోదది. తెనాలి నుంచి తెచ్చుకున్న అతని గొడుగు మొదటి వానకే తిరగబడి ఊచలు విరగ్గొట్టుకుంది.

"ఇంట్ల మా అమ్మ, బడిల నేను. డెబ్బై ఒకటి లడాయిల మా బాపు తూర్పు దిక్కు పోయిండు. రోజూ అన్నం పెట్టేటప్పుడు అమ్మ బాపు పేరు పిలిచేది. డ్యూటీల ఉన్నడని నేను జవాబు చెప్పాలె. చెప్పినంకనే ముద్ద. ఇంటోళ్ళ పేర్లే పిలిచేది సార్, బయటోళ్ళయి గాదు."

"అంత చిన్నప్పుడు మీకు భయం వేయలేదా?"

"ఏసింది. అందుకే ఇంకింత గట్టిగ చెప్పిన." నవ్వింది. "జర ఇటు జరుగుండ్రి, సగం తడుస్తున్నరు. రేపు జ్వరమొస్తే మీ క్లాసు కూడ నాకే పడ్తది."

అతను జరిగాడు. వాన ఇంకాస్త సేపు కురవాలని, బస్సు దారిలో ఎక్కడైనా ఆగిపోవాలని మనసారా కోరుకున్నాడు. రెండో కోరిక తీరింది. పాతబస్తీ బస్సులు అలాంటి విషయాల్లో ఎవర్నీ నిరాశపరచవు.

దసరా ముందు చిక్కొచ్చిపడింది. ట్రైనింగ్ లేని టీచర్లు ట్రైనింగ్ చేసి రావాల్సిందేనని బడి కమిటీ తేల్చేసింది. శ్రీహరికి గుంటూరులో సీటొచ్చింది. వానలు మళ్ళీ మొదలయ్యేదాకా రావడం కుదరదు. ఆ సాయంత్రం ఖాళీ వరండాలో, ధైర్యం కూడగట్టుకుని చెప్పేశాడు.

"యశోద గారూ, నేను తిరిగొచ్చాక మీ బాపు గారిని కలుస్తాను. మీకిష్టమైతేనే."

ఆమె బల్లలు సర్దడం ఆపింది.

"మా అమ్మ సగం జిందగీ తొవ్వ చూస్కుంటనే గడిపింది. చిన్నప్పుడే అనుకున్న సార్, దూరం పోయెటోనికి నా మనసియ్యనని. మీరు మంచోళ్ళు. గని నాకు గా ఎదురుచూసుడు వద్దు."

"నేను లడాయికి పోవడం లేదండీ. గుంటూరు!"

"పోయెటోళ్ళందరు వస్తమనే పోతరు," అంది. సర్దిన బల్లనే మళ్ళీ సర్దింది.

వెళ్ళే రోజు ఆమె బస్టాండుకు రాలేదు. ఖుద్సియా ఆపా మాత్రం వచ్చింది. తిరిగి రమ్మంటూ టిఫిన్ డబ్బా చేతిలో పెట్టి, "బేటా, వాపస్ ఆనా," అంది.

గుంటూరులో శ్రీహరి చదివాడనే అనాలి. పాఠం చెప్పే పద్ధతుల గురించి పెద్ద పెద్ద లెక్చర్లు విన్నాడు. వాటిలో ఏ ఒక్కటీ ఆ గేటు దగ్గరి పాఠానికి సాటి రాలేదు. ట్రైనింగ్ అయ్యాక తెనాలి పక్కనే ఉద్యోగం ఇస్తామన్నారు. ఇంట్లో అందరూ సంబరపడ్డారు. అతను హైదరాబాదు బస్సెక్కాడు. యశోద కాదన్నా సరే, ఆ బడిలో పాఠాలు చెప్పుకుంటూ బతికేస్తాననుకున్నాడు. కాదంటే ఎలా బతకాలో మాత్రం తెలియలేదు.

కిషన్‌బాగ్‌లో దిగేసరికి కుండపోత. గొడుగు లేదు. హవేలీ మెట్ల దాకా వచ్చి, అడుగు ముందుకు పడక వరండా స్తంభం పక్కన ఆగిపోయాడు. లోపల హాజరు జరుగుతోంది. తన పాత క్లాసే, నాలుగో తరగతికి వచ్చింది. పిలుస్తున్నది యశోద.

"ఆగయ్య!"

"డ్యూటీల ఉన్నరు!"

"నసీరుద్దీన్!"

"డ్యూటీల ఉన్నరు!" షహనాజ్ గొంతు. ఏడాదిలో ఎంత ఖంగుమంటోంది!

పేర్లన్నీ అయిపోయాయి. ఇక లోపలికి వెళ్దామని శ్రీహరి చొక్కా పిండుకుంటున్నాడు. యశోద గొంతు మళ్ళీ వినబడింది. కాస్త తగ్గి, కాస్త మెత్తబడి.

"శ్రీహరిరావు."

క్లాసంతా ఒక్కసారిగా, రోజూ చెప్పే పాఠంలా అరిచింది.

"డ్యూటీల ఉన్నరు!"

శ్రీహరి స్తంభాన్ని పట్టుకున్నాడు. కళ్ళు నిండిపోయాయి. వాన నీళ్ళని చెప్పుకోవడానికి వీలుందన్నదే ఊరట. ఇంటోళ్ళ పేర్లే పిలిచేదని గొడుగు కింద ఆమె చెప్పిన మాట గుండెలో గంటకొట్టింది. ఎదురుచూడనన్న మనిషి, తను వెళ్ళిన నాటి నుంచి రోజూ అందరి ముందూ ఎదురుచూసింది.

తెలియకుండానే గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. ముందుగా చూసింది షహనాజ్. బెంచీ మీదికెక్కి, ఉన్న గొంతంతా పెట్టి అరిచింది.

"టీచర్! తప్పు! తప్పు చెప్పినం! ఇంట్ల ఉన్నరు! సార్ ఇంట్ల ఉన్నరు!"

చప్పట్లతో హవేలీ దద్దరిల్లింది. పక్క గదిలోంచి ఆపా పరుగెత్తుకొచ్చింది. యశోద చేతిలో సుద్దముక్క కిందపడి రెండు ముక్కలైంది. మొహమంతా ఎర్రబడింది. అయినా కళ్ళు దించలేదు.

"ఇంటోళ్ళ పేర్లే పిలుస్తారన్నారుగా?" అన్నాడు శ్రీహరి.

"అవును. అందుకే పిలిచిన." కొంగుతో కళ్ళొత్తుకుంది. "గుమ్మంలనే నిలబడ్డరేంది? లోపటికి రాండ్రి, మొత్తం తడిసిన్రు. తల తుడుచుకుని సాయంత్రం మా ఇంటికి పోదం. పొద్దుగాల లేస్తే మీ సారు పేరే పిలుస్తున్నవట, వస్తడా రాడా అని మా బాపు నన్ను రోజూ సతాయిస్తుండు."